రుథేనియం పని దేనితో మొదలుపెట్టాలి? సైమీన్ డైమరా, సీపీ లవణమా, కార్బొనిలా?

కొత్త రుథేనియం కాంప్లెక్సు చేయాలంటే మొదట ఏ సీసా తెరవాలన్న దగ్గరే సగం పని తేలిపోతుంది. కేటలాగులో ధర, స్వచ్ఛత చూసి ఆర్డరు పెట్టేవాళ్లే ఎక్కువ. అంతకంటే ముందు చూడాల్సింది వేరే ఉంది. పని అయ్యాక రుథేనియం మీద ఏ లైగాండ్ (లోహాన్ని పట్టుకుని ఉండే అణువు లేదా అయాను) ఉండిపోవాలి, ఏది ఊడిపోవాలి? ఈ రెండూ కాగితం మీద రాసుకుంటే చాలాసార్లు సీసా పేరు దానంతటదే తేలుతుంది.

పారా-సైమీన్ రుథేనియం డైక్లోరైడ్ డైమర్‌లో సైమీన్ వలయం గట్టిగా కూర్చుంటుంది. డైమర్ అంటే ఒకేలాంటి రెండు ముక్కలు జతకట్టినది, మీ లైగాండ్ వచ్చి డైమర్‌ని రెండుగా విడగొడుతుంది. ట్రిస్ అసిటోనైట్రైల్ సైక్లోపెంటాడయీనిల్ రుథేనియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌లో (సైక్లోపెంటాడయీనిల్‌కు పొట్టి పేరు సీపీ, ఇకనుంచి దీన్ని సీపీ లవణం అందాం) సైక్లోపెంటాడయీనిల్ ఉండిపోతుంది, మూడు అసిటోనైట్రైళ్లు ఊడి మూడు చోట్లు ఖాళీ అవుతాయి. ట్రైరుథేనియం డోడెకాకార్బొనిల్‌లో రుథేనియం సున్నా ఆక్సిడేషన్ స్థితిలో ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ కొంత పోతుంది, కొంత మిగులుతుంది. ట్రిస్ ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ డైక్లోరైడ్‌కి రుథేనియం-కార్బన్ బంధమే లేదు, కాబట్టి కచ్చితంగా మాట్లాడితే అది ఆర్గానోరుథేనియం కాదు. కానీ అరలో వీటి పక్కనే ఉంటుంది, పోటీకీ వస్తుంది.

రెండో ప్రశ్న మీ ల్యాబుది. నెల్లూరు, కావలి, ఒంగోలు సముద్రానికి దగ్గర. రోహిణి కార్తెలో ఏసీ లేని గది 40 డిగ్రీలు దాటుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు గాలిని తడిబట్టలా చేస్తాయి. చలిదేశాల ల్యాబుల్లో రాసిన పద్ధతిలో 'గది ఉష్ణోగ్రత' అంటే ఇరవై, ఇరవై రెండు డిగ్రీలు. ఆ తేడాకు సైమీన్ డైమర్ చలించదు. సీపీ లవణం మాత్రం ఊరుకోదు.

సైమీన్ డైమర్: చాలామందికి ఇదే చాలు

ఇటుకపొడి రంగు, గాలికి చెడదు, తూకం వేయడానికి గ్లవ్ బాక్స్ (గాలి చొరబడని పెట్టె) అక్కర్లేదు. అణుభారం 612.4. మూత బిగించి డెసికేటర్‌లో పెడితే గది వేడిలోనే నెలల తరబడి ఉంటుంది. డైక్లోరోమీథేన్, క్లోరోఫాం, మిథనాల్‌లో కరుగుతుంది. హెక్సేన్, ఈథర్‌లో కరగదు, కాబట్టి కడగడం తేలిక.

అందరూ ఒక్కసారైనా చేసే తప్పు లెక్కలో ఉంది. ఒక మిల్లీమోల్ డైమర్ అంటే రెండు మిల్లీమోల్‌ల రుథేనియం. ఫాస్ఫీన్‌ను డైమర్‌తో సమానంగా ఒక్క ఈక్వివలెంట్ (మోల్‌కు మోల్) వేస్తే సగం డైమర్ అలాగే మిగిలిపోతుంది. ఎన్‌ఎమ్‌ఆర్‌లో రెండు రకాల సైమీన్ కనిపిస్తే 'సీసా మంచిది కాదు' అనుకుంటారు. ఉత్ప్రేరకం శాతం రాసేటప్పుడూ ఇదే తిరకాసు. పేపర్‌లో 2.5 మోల్ శాతం డైమర్ అంటే 5 మోల్ శాతం రుథేనియం అని అర్థం.

కొత్త సీసా వచ్చిన రోజే ఈ చిన్న పరీక్ష చేయండి. 100 మి.గ్రా. డైమర్ (0.163 మిల్లీమోల్) తీసుకుని 5 మి.లీ. డైక్లోరోమీథేన్‌లో వేయండి. అందులో 86 మి.గ్రా. ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ (0.327 మిల్లీమోల్) వేసి గంటన్నర కలపండి. రోటాలో (తక్కువ ఒత్తిడిలో ఆవిరి చేసే యంత్రం) ద్రావకాన్ని 1 మి.లీ.కి తగ్గించి హెక్సేన్ పోస్తే నారింజ-ఎరుపు పొడి దిగుతుంది. మొత్తం వస్తే 186 మి.గ్రా. రావాలి, 165 దాటితే సీసా బాగున్నట్టే. ఫాస్ఫరస్ ఎన్‌ఎమ్‌ఆర్‌లో 24 పీపీఎం దగ్గర ఒకటే గీత ఉండాలి. మైనస్ 5 దగ్గర గీత ఉంటే ఫాస్ఫీన్ మిగిలింది, అంటే డైమర్ తక్కువ పడింది లేదా అందులో చెత్త ఉంది. 29 దగ్గర కనిపిస్తే అది ఫాస్ఫీన్ ఆక్సైడ్. తప్పు డైమర్‌ది కాదు, మీ ఫాస్ఫీన్ సీసా పాతబడింది.

డైమర్‌నే నేరుగా చూడాలంటే క్లోరోఫాం-డీలో ప్రోటాన్ ఎన్‌ఎమ్‌ఆర్ తీయండి. 5.46, 5.33 దగ్గర రెండు డబ్లెట్లు, 2.9 దగ్గర సెప్టెట్, 2.15 దగ్గర మీథైల్ సింగ్లెట్, 1.27 దగ్గర ఐసోప్రొపైల్ డబ్లెట్ వస్తాయి. డీఎంఎస్‌ఓ-డీలో మాత్రం పంపకండి. డీఎంఎస్‌ఓ వెంటనే డైమర్‌ని విడగొట్టి తానే రుథేనియం మీద కూర్చుంటుంది, ఆరోమాటిక్ గీతలు 5.8 దగ్గరికి జరిగిపోతాయి. అప్పుడు మీరు చూస్తున్నది సీసాలోని పదార్థం కాదు. శాంపిల్‌ను బయటి ల్యాబుకు పంపి వారం ఆగి రిపోర్టు తెచ్చుకునేవాళ్లకు ఈ పొరపాటు ఖరీదైనది.

ఇంట్లోనే, అంటే ల్యాబులోనే, చేసుకోవచ్చా? చేసుకోవచ్చు, ఈ జాబితాలో అన్నిటికంటే తేలిక ఇదే. 2 గ్రా. హైడ్రేటెడ్ రుథేనియం ట్రైక్లోరైడ్‌ను 100 మి.లీ. ఇథనాల్‌లో కరిగించి, 10 మి.లీ. ఆల్ఫా-ఫెల్లాండ్రీన్ వేసి, నైట్రోజన్ కింద 4 గంటలు రిఫ్లక్స్ చేయాలి, అంటే ఆవిరిని కండెన్సర్‌తో చల్లార్చి వెనక్కి దింపుతూ మరిగించాలి. చల్లారాక ఎర్రటి గోధుమరంగు స్ఫటికాలు దిగుతాయి. వడకట్టిన ద్రవాన్ని సగానికి తగ్గించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే ఇంకొంచెం వస్తుంది. మొత్తం 1.8 నుంచి 2 గ్రా., దాదాపు 80 శాతం. ఇక్కడ ఫెల్లాండ్రీన్ రెండు పనులు చేస్తుంది. తాను హైడ్రోజన్ పోగొట్టుకుని సైమీన్ అవుతుంది, ఆ క్రమంలో మూడో స్థితిలోని రుథేనియాన్ని రెండుకు దించుతుంది. అందుకే అంత ఎక్కువ పోస్తారు.

కందుకూరు వైపు జామాయిల్ తోటలు చూసి, పొదలకూరు నిమ్మ చూసి 'మన నూనెలతోనే చేయలేమా' అని అడిగే విద్యార్థులుంటారు. జామాయిల్ జాతుల్లో కొన్నిటి నూనెలో ఫెల్లాండ్రీన్ బాగా ఉంటుంది, కానీ అన్నిటిలో కాదు. నూనె పేరు చూసి పోయలేం. నిమ్మ నూనెలోని లిమోనీన్‌కు వలయంలో ఒక్కటే డబుల్ బాండ్, అది ఫెల్లాండ్రీన్‌లా వలయంలో రెండు డబుల్ బాండ్లున్న సైక్లోహెక్సాడయీన్ కాదు. కాబట్టి ఫెల్లాండ్రీన్ ఉన్నచోట అంతే కొలత లిమోనీన్ పోస్తే అదే ఫలితం వస్తుందని అనుకోవద్దు. ఫెల్లాండ్రీన్ దొరక్కపోతే గామా-టెర్పినీన్ పనికొస్తుంది. రెండూ గాలి తగిలి జిగురవుతాయి. సీసా అడుగున తేనెలా చిక్కబడి ఉంటే స్వేదనం చేయకుండా వాడకండి.

దిగుబడి పడిపోవడానికి మామూలుగా కనిపించే కారణాలు మూడు. ఫెల్లాండ్రీన్ పాతది కావడం ఒకటి. రుథేనియం ట్రైక్లోరైడ్ తడిసి బంకబంకగా మారడం రెండోది. మూడోది కరెంటు. నాలుగు గంటల రిఫ్లక్స్ మధ్యలో కరెంటు పోతే కండెన్సర్‌కు చల్లనీళ్లు తిప్పే పంపు ఆగుతుంది, మాంటిల్ మాత్రం ఇంకా వేడిగానే ఉంటుంది, ఇథనాల్ ఆవిరైపోతుంది. కోత సమయం తెలుసుకుని మొదలుపెట్టండి, లేదా పంపును యూపీఎస్ మీద పెట్టండి. బోరునీళ్లు కండెన్సర్‌లో తెల్లగా పొర కడతాయి కాబట్టి టబ్‌లో ఆర్‌ఓ నీళ్లు, ఐసుతో తిప్పడం మేలు.

కడిగే విషయంలో ఇంకో జాగ్రత్త. ఈథర్ మరిగేది 34.6 డిగ్రీలకే. మే నెలలో ఫన్నెల్ మీద ఈథర్ పోస్తే అది చప్పున ఎగిరిపోయి పొడిని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ పొడి మీద మంచులా దిగుతుంది. డైమర్‌కు దాంతో పెద్ద నష్టం లేదు, తూకం మాత్రం అబద్ధం చెబుతుంది. తర్వాతి కాంప్లెక్సులకు నష్టమే. కొద్దిగా చల్లటి ఇథనాల్‌తో, తర్వాత హెక్సేన్‌తో కడిగి వాక్యూంలో ఆరబెట్టండి.

ఇది ఎక్కడ సరిపోతుంది? అసిమ్మెట్రిక్ ట్రాన్స్‌ఫర్ హైడ్రోజనేషన్‌కు ఇదే మొదటి మెట్టు. 2001లో నోబెల్ పంచుకున్న నోయోరి బృందం టోసిల్ డైఫినైల్ ఇథిలీన్‌డయమీన్ లైగాండ్‌తో 1995లో మొదలుపెట్టిన పద్ధతి అది. నారింజ రంగు క్లోరైడ్ కాంప్లెక్సుకు పొటాషియం హైడ్రాక్సైడ్ తగిలించగానే నేరేడుపండు రంగు వస్తుంది, అది పదహారు ఎలక్ట్రాన్ల రూపం. ఐసోప్రొపనాల్ ఇచ్చిన హైడ్రోజన్ తీసుకుని మళ్లీ నారింజ అవుతుంది, అది హైడ్రైడ్. ఆ ఊదారంగు కనిపించకపోతే ముందుకు వెళ్లకుండా లైగాండ్‌నీ క్షారాన్నీ అనుమానించండి. కార్బాక్సిలేట్ సాయంతో చేసే సీ-హెచ్ క్రియాశీలతకూ, ఫాస్ఫా-అడమాంటేన్ లైగాండ్ తగిలించిన రాప్టా తరహా మందు పరిశోధనకూ మొదలు ఇక్కడే.

ఎక్కడ సరిపోదు? సైమీన్ కూడా ఊడిపోవాలనుకున్నప్పుడు. మూడు చోట్ల పట్టుకునే లైగాండ్ వేసి గది వేడిలో కలిపితే రెండు చేతులతో పట్టుకుని మూడో చేయి గాలిలో ఊగుతూ ఉండిపోతుంది. సైమీన్ తీసేయాలంటే గట్టి వేడి కావాలి, లేదా అతినీలలోహిత కాంతి. వలయాన్ని మార్చడమే మీ లక్ష్యమైతే హెక్సామీథైల్ బెంజీన్‌ను అధికంగా వేసి 180 డిగ్రీల దగ్గర కరిగించి ఉంచితే మారుతుంది. అలా కాకుండా సైమీన్ ఉంచి మిగతా మూడు చోట్లూ ఖాళీ చేయాలంటే అసిటోనైట్రైల్‌లో సిల్వర్ హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ వేయండి, డైమర్‌కు నాలుగు ఈక్వివలెంట్లు. రెండు వేస్తే సగం క్లోరైడ్ అక్కడే ఉంటుంది. సీపీ లవణం కొనే ముందు ఈ దారి మీకు సరిపోతుందేమో చూసుకోండి, చాలాసార్లు సరిపోతుంది.

సీపీ లవణం: మంచి పనిముట్టు, కానీ గారాబం చేయాలి

అణుభారం 434.3. బాగున్నప్పుడు పసుపు-నారింజ రంగు, చెడుతుంటే గోధుమకు, ఆపైన నలుపుకు తిరుగుతుంది. మూడు అసిటోనైట్రైళ్లు ఒక్కొక్కటిగా ఊడతాయి కాబట్టి ఒక ఈక్వివలెంట్ ఫాస్ఫీన్ వేస్తే ఒకటే పోతుంది, రెండు వేస్తే రెండు. ఇంత సులువుగా, గది వేడిలో, క్లోరైడ్ గోల లేకుండా సీపీ-రుథేనియం ముక్కను అందించేది ఇంకోటి లేదు. ఆల్కీన్-ఆల్కైన్ కలిపే ఆల్డర్-ఈన్ తరహా చర్యల్లో అమెరికా రసాయనవేత్త బ్యారీ ట్రోస్ట్ దీన్ని బాగా వాడాడు.

దీని గోతి ఏమిటంటే ఆరోమాటిక్ వలయాలు. టోలూయీన్ ద్రావకంగా వాడినా, మీ సబ్‌స్ట్రేట్‌లో బెంజైల్ రక్షక సమూహం ఉన్నా, రుథేనియం వెళ్లి ఆ వలయం మీద కూర్చుని గట్టి శాండ్విచ్ అయిపోతుంది. మళ్లీ లేవదు. రియాక్షన్ మొదట్లో కాస్త నడిచి పది శాతం దగ్గర ఆగిపోతే, ప్రోటాన్ ఎన్‌ఎమ్‌ఆర్‌లో 6 పీపీఎం చుట్టుపక్కల కొత్త ఆరీన్ గీతలు, 5.4 దగ్గర సీపీ సింగ్లెట్ వెతకండి. అవి కనిపిస్తే ఉత్ప్రేరకం అక్కడే చచ్చిపోయింది. అసిటోన్ గానీ డైక్లోరోమీథేన్ గానీ వాడండి. అసిటోనైట్రైల్‌లో కాంప్లెక్సు హాయిగా ఉంటుంది, కానీ ఊడాల్సిన లైగాండే ద్రావకం అయితే ఉత్ప్రేరణ మందగిస్తుంది. దాచుకోవడానికి అది మంచిది, పనికి కాదు.

నిల్వ మైనస్ 20లో, ఆర్గాన్ కింద. ఇక్కడే మన వాతావరణంతో తగాదా. ఫ్రీజర్ నుంచి తీసిన సీసా మూత వెంటనే తెరిస్తే లోపలి పొడి మీద తేమ దిగుతుంది. మీరు చూస్తుండగానే సీసా బయట చెమట పడుతుంది కదా, మూత తీస్తే లోపలా అదే. డెసికేటర్‌లో ముప్పావు గంట ఉంచి, బయటి చెమట పూర్తిగా ఆరాక మాత్రమే తెరవండి. తెరిచిన ప్రతిసారీ ఆర్గాన్ ఊది మూయండి. ఇంకా మంచిది, వచ్చిన రోజే గ్లవ్ బాక్స్‌లో గానీ ఆర్గాన్ ఊదిన బ్యాగులో గానీ 50 మి.గ్రా. చొప్పున చిన్న వయల్స్‌లో పంచి సీల్ చేసుకోండి. ఒక్కోటి ఒక్క వాడకానికి. పెద్ద సీసా కొనడం పొదుపులా కనిపిస్తుంది. పదోసారి తెరిచేటప్పటికి మిగిలింది గోధుమరంగు పొడే అయితే అది పొదుపు కాదు.

హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ కూడా తడికి నెమ్మదిగా విరుగుతుంది. ఫాస్ఫరస్ ఎన్‌ఎమ్‌ఆర్‌లో మైనస్ 144 దగ్గర ఏడు గీతల గుంపు ఒక్కటే ఉండాలి. ఇంకెక్కడైనా కొత్తగా ట్రిప్లెట్ మొలిస్తే అది డైఫ్లోరోఫాస్ఫేట్, తడి దిగిందనడానికి సాక్ష్యం.

దీన్ని ల్యాబులో చేసుకోమని చెప్పలేం. బెంజీన్ రుథేనియం డైమర్ చేయాలి, దానికి సైక్లోపెంటాడయీనిల్ తగిలించాలి, తర్వాత అసిటోనైట్రైల్‌లో అతినీలలోహిత దీపం కింద పెట్టి బెంజీన్‌ను ఊడగొట్టాలి. పాత పద్ధతిలో థాలియం లవణం వాడేవారు, అది విషం. తర్వాత వచ్చిన పద్ధతిలో ఇథనాల్‌లో పొటాషియం కార్బొనేట్, సైక్లోపెంటాడయీన్ చాలు. బెంజీన్ బదులు నాఫ్తలీన్ ఉన్న కాంప్లెక్సు దొరికితే దీపమే అక్కర్లేదు, అసిటోనైట్రైల్‌లో కలిపితే ఊడిపోతుంది. ఎలా చేసినా మూడు మెట్లు, చివర గాలికి పడని పదార్థం. ష్లెంక్ లైన్ (గాలి తగలకుండా పనిచేసే వాక్యూం-ఆర్గాన్ అమరిక) రోజూ వాడే చేతులు లేకపోతే కొనుక్కోవడమే నయం.

గాలికి పడే సీపీ కావాలంటే మధ్యేమార్గం ఉంది: బిస్ ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ సీపీ రుథేనియం క్లోరైడ్, అణుభారం 726. రుథేనియం ట్రైక్లోరైడ్, ట్రైఫినైల్‌ఫాస్ఫీన్, అప్పుడే స్వేదనం చేసిన సైక్లోపెంటాడయీన్, ఇథనాల్ రిఫ్లక్స్, అంతే. నారింజ స్ఫటికాలు బెంచి మీదే ఉంటాయి. అయితే ఫాస్ఫీన్ ఊడాలంటే వేడి కావాలి, క్లోరైడ్ తీయాలంటే మిథనాల్‌లో అమ్మోనియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ వేయాలి. ఇక్కడ ఎండాకాలం ఒక తమాషా చేస్తుంది. డైసైక్లోపెంటాడయీన్‌ను 170 డిగ్రీల దగ్గర విరగ్గొడితే వచ్చే మోనోమర్ మరిగేది 41 డిగ్రీలకు. మేలో ఒంగోలులో గది వేడే అంత. కండెన్సర్‌లో ఐసునీళ్లు తిప్పి, పట్టుకునే ఫ్లాస్కును ఐసు-ఉప్పు గిన్నెలో ముంచకపోతే మోనోమర్ ఫ్యూమ్ హుడ్ గొట్టంలోకి పోతుంది. దొరికినది కూడా బయట ఉంచితే గంటల్లో మళ్లీ డైమర్ అవుతుంది. స్వేదనం, రియాక్షన్ ఒకే పూటలో కానివ్వండి.

సీపీ స్టార్, అంటే ఐదు మీథైళ్లున్న వలయం, వేరే సందర్భానికి. రాగి ఉత్ప్రేరకం అజైడ్-ఆల్కైన్ నుంచి 1,4-ట్రయజోల్ ఇస్తుంది, మీకు 1,5-ట్రయజోల్ కావాలంటే సీపీ స్టార్ రుథేనియం క్లోరైడ్ జాతివే కావాలి. అలాంటప్పుడు సైక్లోఆక్టాడయీన్ తగిలిన రూపం కొనుక్కోండి, గది వేడిలోనే పనిచేస్తుంది. సీపీ స్టార్ డైక్లోరైడ్ డైమర్‌ను లిథియం ట్రైఇథైల్ బోరోహైడ్రైడ్‌తో దించి టెట్రామర్ చేసుకునేవాళ్లు మళ్లీ అదే లెక్క గుర్తుంచుకోవాలి. 307 మి.గ్రా. డైమర్‌లో ఒక మిల్లీమోల్ రుథేనియం ఉంది, ఒక మోలార్ ద్రావణం 1 మి.లీ. పోయాలి. ఎక్కువ పోస్తే హైడ్రైడ్‌ల వైపు వెళ్లిపోతుంది.

కార్బొనిల్: సున్నా స్థితి కావాలంటేనే

ట్రైరుథేనియం డోడెకాకార్బొనిల్ నారింజ స్ఫటికాలు, గాలికి నిలుస్తుంది, అణుభారం 639.3. బరువులో 47 శాతం రుథేనియమే. క్లోరైడ్ లేదు, అయాను లేదు, హెక్సేన్‌లో కరిగితే పసుపు. అందువల్ల శుద్ధి, పరీక్ష రెండూ సుఖం. హెక్సేన్‌లో ఇన్‌ఫ్రారెడ్ తీస్తే 2061, 2031, 2011 దగ్గర మూడు గీతలు వస్తాయి. తేమ గాలిలో సోడియం క్లోరైడ్ కిటికీలున్న సెల్ వారంలో మసకబారుతుంది. కార్బొనిల్ గీతలు 2000 చుట్టూ ఉంటాయి కాబట్టి కాల్షియం ఫ్లోరైడ్ కిటికీలు తెప్పించుకోండి, నీటికి కరగవు, ఆ ప్రాంతంలో కాంతిని అడ్డుకోవు.

ఏమి చేయడానికి? టెట్రాఫినైల్ సైక్లోపెంటాడయీనోన్‌తో ష్వో ఉత్ప్రేరకం (హైడ్రోజన్ మార్పిడికి వాడేది) చేయడానికి, క్లస్టర్ రసాయనానికి, హెప్టేన్‌లో సైక్లోపెంటాడయీన్‌తో మరిగించి సీపీ డైకార్బొనిల్ డైమర్ చేయడానికి. మరిగించకుండా ఒకటి రెండు కార్బొనిళ్లే తీయాలంటే అసిటోనైట్రైల్‌లో ట్రైమీథైల్ అమీన్ ఆక్సైడ్ లెక్కగా వేయాలి, కార్బొనిల్ కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోతుంది. ఆ ఆక్సైడ్‌ను డైహైడ్రేట్‌గా అమ్ముతారు, నీటి బరువు లెక్కలో కలపడం మరిచిపోకండి. ఎక్కువైతే క్లస్టర్ విరిగి గోధుమరంగు బురద మిగులుతుంది.

రెండో స్థితి రుథేనియం కావాల్సినవాళ్లు 'క్లోరైడ్ లేనిది కదా, శుభ్రం' అని దీన్ని ఎంచుకుంటారు. అక్కర్లేదు. చివరి కార్బొనిళ్లను ఊడగొట్టడం చాలా కష్టం, సైమీన్ కంటే మొండివి. పైగా వేడి చేసినప్పుడల్లా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు. ఫ్యూమ్ హుడ్ ఎగ్జాస్ట్ కరెంటు మీదే నడుస్తుంది కాబట్టి, కరెంటు పోగానే ముందు మాంటిల్ దించేయాలి. బ్యాటరీ మీద పనిచేసే సీఓ అలారం లేకుండా ఈ సీసాను మరిగించవద్దు.

మిగిలిన రెండూ క్లుప్తంగా

ట్రిస్ ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ డైక్లోరైడ్ చవక, చేయడం తేలిక. 1 గ్రా. రుథేనియం ట్రైక్లోరైడ్‌ను 250 మి.లీ. మిథనాల్‌లో నైట్రోజన్ కింద ఐదు నిమిషాలు మరిగించి చల్లార్చి, 6 గ్రా. ఫాస్ఫీన్ వేసి మూడు గంటలు రిఫ్లక్స్ చేస్తే మెరిసే నల్లటి స్ఫటికాలు వస్తాయి. ఆరు రెట్లు ఫాస్ఫీన్ ఎందుకంటే కొంత ఫాస్ఫీన్ రుథేనియాన్ని దించి ఆక్సైడ్‌గా పోతుంది. పొడి కొన్నాళ్లు నిలుస్తుంది, ద్రావణం గాలి తగిలితే ఆకుపచ్చగా మారుతుంది. మిథనాల్‌ను ముందు నైట్రోజన్‌తో బుడగలు ఊదాల్సిందే. ఆల్కిలిడీన్, ఇండెనిలిడీన్ మెటాథెసిస్ ఉత్ప్రేరకాలు చేసేవాళ్లకు, హైడ్రైడ్‌లు చేసేవాళ్లకు ఇది. మీ తుది కాంప్లెక్సులో ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ ఉండకూడదంటే వద్దు, దాన్ని క్రొమాటోగ్రఫీ కాలమ్‌లో వేరుచేయడానికి వారం పోతుంది.

సైక్లోఆక్టాడయీన్ డైక్లోరైడ్ పాలిమర్ గోధుమరంగు పొడి, దాదాపు దేనిలోనూ కరగదు. కరగలేదని సీసాను నిందించకండి, దాని స్వభావమే అంత. అమీన్, నైట్రైల్ లాంటివి పట్టుకుని విడదీస్తేనే కరుగుతుంది. బిస్ మీథైల్‌అల్లైల్ రూపం చేసేవాళ్లకు తప్ప మొదటి ఎంపికగా చెప్పం.

డబ్బు లెక్క, పార్సిల్ లెక్క

గ్రాము ధరలు పోల్చడం తప్పు. ఒక మిల్లీమోల్ రుథేనియానికి ఎంత పొడి కావాలో చూడండి. కార్బొనిల్ 213 మి.గ్రా., సైక్లోఆక్టాడయీన్ పాలిమర్ 280, సైమీన్ డైమర్ 306, సీపీ లవణం 434, సీపీ బిస్ ఫాస్ఫీన్ క్లోరైడ్ 726, ట్రిస్ ఫాస్ఫీన్ డైక్లోరైడ్ 959. కొటేషన్‌లోని గ్రాము ధరను వీటితో గుణించి వెయ్యితో భాగిస్తే అసలు ధర తేలుతుంది. గ్రాముకు చవకగా కనిపించిన ఫాస్ఫీన్ కాంప్లెక్సు అప్పుడు అంత చవక కాదని కనిపించవచ్చు.

ల్యాబులోనే చేసుకుందామంటే అన్నిటికీ మూలం రుథేనియం ట్రైక్లోరైడే. సీసా మీద 'ట్రైహైడ్రేట్' అని ఉన్నా దాన్ని నమ్మి 261.5తో లెక్క వేయకండి. లేబుల్ మీద రుథేనియం శాతం ఉంటుంది, దానితో లెక్క కట్టండి. 40 శాతమైతే 10 మిల్లీమోల్‌లకు 2.53 గ్రా. కావాలి. అదే సీసా వానాకాలంలో మూత వదులై 36 శాతానికి దిగితే 2.81 గ్రా. కావాలి. పొడి తడిసిన బెల్లంలా గరిటెకు అంటుకుంటుంటే దిగిందనే అర్థం. పాతబడి సరిగా కరగని దాన్ని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి వాటర్ బాత్ మీద రెండు మూడుసార్లు ఆవిరి చేస్తే మళ్లీ దారికొస్తుంది.

సీపీ లవణం చెన్నై నుంచి వచ్చినా హైదరాబాదు నుంచి వచ్చినా కొరియర్ వ్యాన్‌లో మధ్యాహ్నపు ఎండలో తిరుగుతుంది. సోమ, మంగళవారాల్లో బయలుదేరేలా అడగండి, శుక్రవారం పంపితే ఆదివారమంతా గోదాములో ఉంటుంది. కుదిరితే జనవరి, ఫిబ్రవరిల్లో తెప్పించుకోండి. తెరవకుండానే సీసా బయటి నుంచి రంగు ఫొటో తీసి ఉంచుకోండి, గోధుమగా వస్తే వాపసు అడగడానికి అదే ఆధారం. ఎన్‌ఎమ్‌ఆర్‌కు బయటికి పంపేటప్పుడు సైమీన్ డైమర్‌ను పొడిగా పొట్లం కట్టి పంపినా పర్వాలేదు. సీపీ లవణాన్ని మాత్రం ఆర్గాన్ కింద అసిటోనైట్రైల్-డీలో కరిగించి, ట్యూబ్ మెడ కరిగించి సీల్ చేసి పంపాలి. సీపీ గీత 4.3 దగ్గర ఒక్కటే రావాలి.

మందుల కంపెనీలకు నమూనాలు చేసేవాళ్లు మిగిలే రుథేనియం సంగతి మొదటి రోజే ఆలోచించాలి. మందుల్లో లోహ మలినాల హద్దులు చెప్పే ఐసీహెచ్ క్యూ3డీ మార్గదర్శకం ప్రకారం నోటితో తీసుకునే మందులో రోజుకు 100 మైక్రోగ్రాములు, ఇంజెక్షన్‌లో 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ఉత్పత్తి లేత గోధుమరంగులో ఉందంటే ఇంకా ఉన్నట్టే.

చివరి సంగతి వ్యర్థాలు. రుథేనియం ఉన్న ద్రావకాలకు వేరే క్యాన్ పెట్టండి, లోహం తిరిగి తీసేవాళ్లకు ఇవ్వొచ్చు. ఫ్లాస్కుకు అంటిన నల్లటి మరకను పోగొట్టడానికి బ్లీచింగ్ ద్రావణం గానీ పెరయోడేట్ గానీ పోయకండి. రుథేనియం టెట్రాక్సైడ్ పుడుతుంది, అది మామూలు వేడికే తేలిగ్గా ఆవిరవుతుంది. అంటే మన మే నెలలో సింకులోంచే ఆవిరై లేచి కళ్లను, గొంతును పట్టుకుంటుంది. అసిటోన్‌తో, తర్వాత డైక్లోరోమీథేన్‌తో కడిగి ఆ కడిగిన ద్రావకాలనూ అదే క్యాన్‌లో పోయండి. అప్పటికీ పోని మరక ఉంటే ఆ ఫ్లాస్కును రుథేనియం పనికే కేటాయించండి.